వినతిపత్రం: అసైన్‌మెంట్లకు తగిన వ్యవధి, తగిన శిక్షణ కోరుతూ కృష్ణా డెల్టా డిగ్రీ విద్యార్థుల విన్నపం

విజయవాడ,
జూన్ 2025

గౌరవనీయులైన ఛైర్మన్ గారికి,
ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి, మంగళగిరి.

ప్రతులు: కృష్ణా డెల్టా ప్రాంత విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, అనుబంధ కళాశాలల ప్రిన్సిపాళ్లకు.

విషయం: డిగ్రీ అసైన్‌మెంట్లు, ప్రాజెక్టుల తేదీలను సెమిస్టరు మొదట్లోనే ప్రకటించాలని, వాటిని తయారుచేసుకునే పద్ధతిని తరగతిలో నేర్పాలని, దిద్ది తిరిగి ఇప్పించాలని కోరుతూ.

అయ్యా,

కృష్ణా, ఎన్టీఆర్, గుంటూరు, బాపట్ల జిల్లాల కళాశాలల్లో డిగ్రీ చదువుతున్న విద్యార్థులం నమస్కరించి విన్నవించుకునేది. మాలో కొందరం నాగాయలంక, అవనిగడ్డ వైపు నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చేవాళ్లం. కొందరం గుడివాడ నుంచి రైల్లో వస్తాం. విజయవాడలోనే సింగ్‌నగర్‌లో, పాయకాపురంలో, వన్‌టౌన్ కొండ మీది ఇళ్లల్లో ఉండేవాళ్లం ఉన్నాం. కాలేజీ అయ్యాక బీసెంట్ రోడ్డు బట్టల కొట్లలో, ఆటోనగర్ షెడ్లలో పనిచేసి ఇంటికి నాలుగు డబ్బులు ఇచ్చేవాళ్లమూ ఉన్నాం. మాలో చాలామంది ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. అసైన్‌మెంట్ ఎలా మొదలుపెట్టాలో అడుగుదామంటే ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. ఆ చెప్పేవాళ్లు కాలేజీలో ఉండాలని అడగడానికే ఈ పత్రం రాస్తున్నాం. మేం కోరేవాటిలో ఎక్కువ భాగానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ముందుగా వేసుకున్న తేదీలు, దిద్దేవారికి కాస్త తీరిక ఉంటే చాలు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటో ఉన్నదున్నట్టు చెబుతాం. సెమిస్టరు పరీక్షలు ఇంకో పదిహేను రోజులున్నాయనగా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వస్తుంది. ఫలానా పేపరుకు ఫలానా ప్రశ్నలు, శనివారంలోగా సబ్మిట్ చేయాలి అని. మర్నాటికల్లా మిగతా పేపర్ల మెసేజ్‌లూ వస్తాయి, అన్నిటికీ అదే శనివారం. ప్రశ్నలు చాలావరకు పోయినేడాదివే. ఎవరో ఒకరి దగ్గర సీనియర్ల ఫైలు ఉంటుంది, దాని ఫొటోలు గ్రూపులన్నీ తిరుగుతాయి. రాత్రి పదింటిదాకా జిరాక్స్ షాపుల ముందు నిలబడతాం. ఏ4 కాగితాలకు స్కెచ్ పెన్నుతో మార్జిన్లు కొట్టి, చూసిందంతా దించి, పైన అందంగా పేరు రాసి, శనివారం ఉదయం కట్టలు కట్టి స్టాఫ్‌రూమ్‌లో పెడతాం. ఆ తర్వాత ఆ కాగితాలు మళ్లీ మా కంటబడవు. నోటీసు బోర్డు మీద ఇంటర్నల్ మార్కులు మాత్రం కనిపిస్తాయి. ఎందుకు వచ్చాయో, ఎందుకు తగ్గాయో తెలియదు.

ఇందులో లెక్చరర్లను తప్పుపట్టాలని మాకు లేదు. గెస్టు లెక్చరర్లుగా, కాంట్రాక్టు మీద పనిచేస్తూ మూడు నాలుగు సెక్షన్లు చూసుకుంటున్నవారు రెండు వందల ఫైళ్లు వారంలో చదివి దిద్దాలంటే ఎవరి తరమూ కాదు. అందుకే మొదటి పేజీ, చివరి పేజీ చూసి సంతకం పెడతారు. మేం రాయలేక దించుతున్నాం, వారు చదవలేక సంతకం పెడుతున్నారు. ఇద్దరినీ ఈ స్థితికి తెచ్చింది ఆ ఒక్క వారం హడావుడే.

డిగ్రీలో ఉన్న రాత పనుల్లో అసైన్‌మెంట్‌కు ఉన్న విలువ మరి దేనికీ లేదని మేం గట్టిగా నమ్ముతున్నాం. సెమిస్టరు పరీక్షలో మూడు గంటల్లో గుర్తున్నది రాసి బయటికి రావాలి. అసైన్‌మెంట్‌లో చదవొచ్చు, వెళ్లి చూడొచ్చు, నలుగురిని అడగొచ్చు, రాసింది కొట్టేసి మళ్లీ రాయొచ్చు. ఎకనామిక్స్ విద్యార్థి ఉయ్యూరు దగ్గర ఒక కౌలు రైతును కలిసి, పంట రుణం అతనికి ఎందుకు అందదో, అందకపోతే పెట్టుబడి ఎక్కడి నుంచి తెస్తాడో కనుక్కోవచ్చు. కామర్స్ విద్యార్థి పెడన వెళ్లి కలంకారీ అద్దకం పనివారికి గజానికి ఎంత ముడుతుందో, అదే బట్ట విజయవాడ కొట్లో ఎంతకు అమ్ముతున్నారో లెక్క వేయొచ్చు. బోటనీ విద్యార్థి నాగాయలంక దాటి కృష్ణా మడ అడవుల అంచుదాకా వెళ్లి ఏ మొక్క ఎంత ఉప్పు నీటిని తట్టుకుని నిలుస్తుందో చూసి రాసుకోవచ్చు. ఇవన్నీ మా బస్‌పాసుకు అందే దూరంలోనే ఉన్నాయి. శనివారం గడువుకు మాత్రం అందవు.

అందుకని మా మొదటి, ముఖ్యమైన కోరిక ఇది. సెమిస్టరు మొదలైన మొదటి వారంలోనే ప్రతి పేపరు అసైన్‌మెంట్ ప్రశ్నలు, సబ్మిషన్ తేదీ, మార్కుల విభజన రాతపూర్వకంగా ప్రకటించాలి. శాఖల హెచ్‌ఓడీలందరూ కలిసి కూర్చుని ఒకే పట్టిక వేయాలి. ఒక వారంలో రెండు పేపర్లకు మించి గడువులు పడకుండా చూడాలి. ఆ పట్టిక నోటీసు బోర్డు మీద ఉండాలి, క్లాసు గ్రూపులోనూ ఉండాలి. మార్చాల్సి వస్తే కనీసం రెండు వారాల ముందు చెప్పాలి.

ఇది కొత్త కోరిక కాదు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చదివే దూరవిద్య విద్యార్థులకు చాలా కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం వెయిటేజీ ఉంది. సెషను మొదట్లోనే వారికి ప్రశ్నల పుస్తకం, గడువు తేదీతో సహా చేతికొస్తుంది. ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ, లెక్చరర్ ముఖం కూడా అరుదుగా చూసే విద్యార్థికి నెలల ముందు ప్రశ్న తెలుస్తోంది. రోజూ తరగతిలో కూర్చునే మాకు మాత్రం వారం ముందు తెలుస్తోంది. ఇంజినీరింగ్ చదివే మా మిత్రులకు జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలో 30 ఇంటర్నల్ మార్కుల్లో 5 అసైన్‌మెంట్లవి. ఐదు మార్కులే కదా అని దాన్ని తేలిగ్గా తీసుకునే అలవాటు విద్యార్థులకూ ఉంది, కళాశాలలకూ ఉంది. మార్కులు ఎన్నైనా సరే, వ్యవధి ఇస్తేనే అది చదువు అవుతుంది.

వ్యవధికి లెక్క కూడా ఇప్పటికే కాగితం మీద ఉంది. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ఏడాది చదువును 1200 గంటలుగా, 40 క్రెడిట్లుగా లెక్కగట్టింది. అంటే క్రెడిట్‌కు 30 గంటలు. థియరీలో క్రెడిట్‌కు 15 గంటలు తరగతిలో గడుస్తాయి. మిగిలిన సగం విద్యార్థి సొంతంగా చదువుకోవడానికి, రాసుకోవడానికి, తిరిగి చూసుకోవడానికి ఉద్దేశించినవి. నాలుగు క్రెడిట్ల పేపరుకు ఆ లెక్కన 60 గంటలు. ఈ గంటలు టైంటేబుల్లో ఎక్కడా కనిపించవు గనుక అవి ఉన్నాయని ఎవరికీ గుర్తుండదు. వారానికి ఒక పీరియడ్ అయినా, లైబ్రరీలోనో తరగతిలోనో, అసైన్‌మెంట్ పనికే టైంటేబుల్లో రాయించాలని కోరుతున్నాం.

తేదీ ఒక్కటే ముందు చెప్పినా చాలదు. నారు పోయకుండా ఊడ్పుల రోజు చెబితే ఏ రైతూ నాటలేడు, మడిలో నారు నెల రోజులు ఎదగాలి. అసైన్‌మెంట్‌కూ అలాంటి దశలుంటాయి. మూడో వారానికి ఏ ప్రశ్న తీసుకుంటున్నామో చెప్పాలి. అయిదో వారానికి ఒక్క పేజీలో ప్రణాళిక ఇవ్వాలి: ఏం చదవబోతున్నాం, ఎవరిని అడగబోతున్నాం, ఏ క్రమంలో రాయబోతున్నాం అన్నది. ఎనిమిదో వారానికి చిత్తుప్రతి. పదకొండో వారానికి శుద్ధప్రతి. ప్రణాళికకు, చిత్తుప్రతికి కూడా కొన్ని మార్కులు కేటాయించాలి. అప్పుడు చివరి రాత్రి కూర్చుని దించినవాడికి పూర్తి మార్కులు రావు. దించే అలవాటును తగ్గించడానికి ఇంతకంటే తేలికైన మార్గం మాకు తోచలేదు. ఒక్క పేజీ ప్రణాళిక చూసి నాలుగు ముక్కలు చెప్పడానికి లెక్చరర్‌కు రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఇరవై పేజీల ఫైలు చివర్లో చదవడం కంటే అది వారికీ సులువు.

ఇక మా ప్రాంతపు సంగతి. విద్యా క్యాలెండరు వేసేవారు డెల్టా పంటల క్యాలెండరును పక్కన పెట్టుకుని చూడాలని మా విన్నపం. కాలువలకు నీరొదిలాక జూలై, ఆగస్టుల్లో నాట్లు. నవంబరు చివర నుంచి డిసెంబరు దాకా వరి కోతలు, నూర్పిళ్లు. కోతలకు ముందే చేలో మినుములు చల్లుతారు, ఆ మినుము ఫిబ్రవరి, మార్చిలో చేతికొస్తుంది. దివిసీమ, బందరు వైపు పల్లెల నుంచి వచ్చే మా క్లాస్‌మేట్లు ఈ రోజుల్లో ఇంట్లో ఉండక తప్పదు. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే కళ్లంలో ఉన్న ధాన్యం ఇంటికి చేర్చుకోవడానికి ప్రతి చెయ్యీ కావాలి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన ఇళ్లు అవి. నవంబరు గాలులంటే అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ తేలిగ్గా తీసుకోరు. మాకు అటెండెన్సు మినహాయింపు అక్కర్లేదు. పెద్ద సబ్మిషన్లు సరిగ్గా కోతల పక్షంలోకి రాకుండా అక్టోబరు చివరికో, జనవరిలోకో జరిపితే చాలు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం పరిసరాలు మునిగినప్పుడు మా తోటివాళ్ల ఇళ్లల్లో మొదటి అంతస్తు దాకా నీళ్లొచ్చాయి. ఆ మర్నాడే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద నమోదైంది. లంక గ్రామాల్లోని చేలు, ఇళ్లు నీట మునిగాయి. చాలా కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు తీయలేదు. పడవల్లో పాలప్యాకెట్లు, అన్నం పొట్లాలు అందుకున్న ఇళ్లల్లో డిగ్రీ పుస్తకాలు, రికార్డులు, సర్టిఫికెట్లు తడిసి ముద్దయ్యాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పోయినవాళ్లున్నారు. నీళ్లు తీశాక బురద ఎత్తిపోసి గోడలు కడుక్కుంటున్న రోజుల్లోనే రికార్డులు మళ్లీ రాసి తేవాలన్న మాట మాలో కొందరికి ఎదురైంది. కొందరు లెక్చరర్లు దయతలచి గడువు పెంచారు, తమ నోట్సు జిరాక్స్ తీయించి ఇచ్చారు. వారికి మేం రుణపడి ఉన్నాం. కానీ వరదలో ఉన్న విద్యార్థి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి దయ అడుక్కోవాల్సిన పరిస్థితి ఉండకూడదు.

కాబట్టి ఒక నియమం కావాలి. తుఫాను, వరద కారణంగా జిల్లా కలెక్టర్ కళాశాలలకు సెలవు ప్రకటిస్తే, సెలవులు ఎన్ని రోజులో అన్ని రోజులు, పైన మరో వారం, గడువులన్నీ వాటంతటవే ముందుకు జరగాలి. ఎవరూ అర్జీ పెట్టుకోనక్కర్లేకుండా. ముంపులో రికార్డు పోయినవారికి, అంతకుముందు దిద్దిన మార్కులు కాలేజీ రిజిస్టరులో ఉంటే వాటినే తీసుకోవాలి. ఇంకో చిన్న మాట: చిత్తుప్రతిని ఎనిమిదో వారంలో లెక్చరర్‌కు ఇచ్చే పద్ధతి ఉంటే, ఇల్లు మునిగినా పని మొత్తం పోదు.

రెండో పెద్ద విషయం, రాయడం నేర్పడం. ఇంటర్ దాకా మా చదువంతా బిట్లు, గైడ్లు, బట్టీ. డిగ్రీలో చేరగానే అసైన్‌మెంట్ రాయమంటారు గానీ ఎలా రాయాలో ఏ పీరియడ్‌లోనూ చెప్పరు. మొదటి సెమిస్టరు మొదటి నెలలోనే నాలుగు తరగతులు దీనికి కేటాయించాలి. ప్రశ్న ఏమడుగుతోందో చదవడం. పుస్తకంలో విషయసూచిక పట్టుకుని కావాల్సిన అధ్యాయం వెతకడం. చదివింది మూసేసి సొంత మాటల్లో నోట్సు రాసుకోవడం. ఎవరి దగ్గర తీసుకున్నామో చెప్పడం. ఈ నాలుగూ వచ్చినవాడికి అసైన్‌మెంట్ భయం ఉండదు. రచనా చౌర్యం మీద విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018లో నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే దిద్ది మళ్లీ ఇవ్వాలని, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు చేయాలని అందులో ఉంది. అవే నిబంధనలు ఆధారాలు ఎలా చూపాలో విద్యార్థులకు నేర్పాలని, ప్రతి సెమిస్టరులోనూ అవగాహన కార్యక్రమాలు పెట్టాలని సంస్థలకు చెప్పాయి. శిక్ష సంగతి మాకు ఎలాగూ తెలుస్తుంది, నేర్పే బాధ్యతను కూడా అమలు చేయించండి.

కృత్రిమ మేధ గురించి కూడా ఒక్క మాట. ప్రశ్న టైపు చేస్తే పది పేజీలు రాసిచ్చే యాప్‌లు ప్రతి ఫోన్లోనూ ఉన్నాయి. వాడొద్దని ఒక లెక్చరర్ అంటారు, ఇంకొకరు అందులోంచే ప్రింటు తీయమంటారు, మరొకరు ఆ ఊసే ఎత్తరు. ఎక్కడిదాకా వాడొచ్చో మండలి ఒకే మాటగా రాసివ్వాలి. ఇంగ్లిష్ తప్పులు సరిచూసుకోవడానికి, తెలియని మాటకు అర్థం అడగడానికి అనుమతించి, రాత పని మాత్రం విద్యార్థిదే కావాలనడం మాకు న్యాయంగా తోస్తుంది. సబ్మిషన్ తర్వాత అయిదు నిమిషాలు మౌఖికంగా ప్రశ్నించే పద్ధతి పెడితే మాకు అభ్యంతరం లేదు. సొంతంగా రాసినవాడికి ఆ అయిదు నిమిషాలు లాభమే.

భాష సంగతి ఎత్తకుండా ఈ పత్రం పూర్తి కాదు. 2021-22 నుంచి మన డిగ్రీ కళాశాలల్లో ఇంగ్లిష్ మీడియమే ఉంది. ఇంగ్లిష్ వద్దని మేం అనడం లేదు. ఉద్యోగానికి వెళ్లేటప్పుడు అది కావాలని మాకు తెలుసు, మా అమ్మానాన్నలకు ఇంకా బాగా తెలుసు. కానీ తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి వచ్చినవాడికి ఆలోచన తెలుగులో పుడుతుంది. దాన్ని ఇంగ్లిష్‌లో పెట్టే ధైర్యం లేక, వరుసగా ఉన్న వాక్యాలు ఎక్కడ దొరికితే అక్కడినుంచి ఎత్తి రాస్తాడు. దించడం వెనక చాలాసార్లు ఉన్నది బద్ధకం కంటే ఈ భయమే. తనకు తెలిసిన విషయాన్ని, తన ఊరి కాలువ గురించి, తన తండ్రి చేసే పని గురించి కూడా సొంత మాటల్లో రాయలేని స్థితి ఎంత బాధగా ఉంటుందో అనుభవించినవాళ్లం చెబుతున్నాం. 2023 ఏప్రిల్‌లో యూజీసీ, ఇంగ్లిష్ మీడియం కోర్సుల్లో ఉన్నా పరీక్షలు స్థానిక భాషలో రాసే అవకాశం ఇవ్వాలని విశ్వవిద్యాలయాలను కోరింది. పరీక్షకే ఆ వీలు ఇవ్వమన్నప్పుడు అసైన్‌మెంట్‌కు ఇవ్వడంలో ఇబ్బంది ఉండదనుకుంటున్నాం. ప్రణాళిక, చిత్తుప్రతి తెలుగులో ఇవ్వనివ్వండి. శుద్ధప్రతి ఏ భాషలో రాయాలన్నది విద్యార్థి ఇష్టానికి వదలండి. ఇంగ్లిష్‌లో రాసేవారికి కాలేజీ ఇంగ్లిష్ విభాగం వారానికి ఒక గంట చిత్తుప్రతులు చూసిపెట్టే ఏర్పాటు చేయండి. తెలుగులో ఆలోచించి, ఇంగ్లిష్‌లో రాసి, దిద్దించుకున్న అసైన్‌మెంట్ ఒక్కటి చాలు, ఏడాదిపాటు గైడు బట్టీ పట్టిన దానికంటే ఎక్కువ ఇంగ్లిష్ వస్తుంది.

గ్రంథాలయాల విషయంలో ఈ గడ్డకు ఉన్న చరిత్రను తమరికి గుర్తుచేయడం మా హక్కుగా భావిస్తున్నాం. విజయవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో వెలసింది. 1914 ఏప్రిల్ 10న ఇదే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది, అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆ ఉద్యమాన్ని ఊరూరా తీసుకెళ్లారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ పడవల్లో ప్రయాణికులకు పుస్తకాలు అందించే నౌకా గ్రంథాలయం నడిపించారు. పడవలో వెళ్లే రైతుకూ కూలీకీ పుస్తకం అందాలని తొంభై ఏళ్ల కిందట తపించిన డెల్టా ఇది. ఇవాళ మా కాలేజీ లైబ్రరీ చాలాచోట్ల సాయంత్రం నాలుగున్నరకే మూతబడుతుంది, అంటే మా క్లాసులు అయ్యేసరికి. మరికొన్ని చోట్ల బీరువాలకు తాళాలే ఉంటాయి, పుస్తకం పేరు చీటీ మీద రాసిస్తే లోపల్నుంచి తెచ్చిస్తారు. ఏ పుస్తకాలున్నాయో తెలియనివాడు ఏ పేరు రాయగలడు?

పరీక్షలు లేని నెలల్లోనూ లైబ్రరీ రాత్రి ఏడింటిదాకా తెరిచి ఉంచాలి. ఆదివారం ఒక పూట తెరవాలి, పనిచేసుకునే విద్యార్థులకు దొరికే పూట అదే. ప్రతి అసైన్‌మెంట్ ప్రశ్న కింద కనీసం మూడు పుస్తకాల పేర్లు ఇవ్వాలి. అవి లైబ్రరీలో ఉన్నాయో లేదో ప్రశ్న ఇచ్చేముందే చూసుకోవాలి. ఉన్న ఒక్క కాపీని ఇంటికి ఇవ్వకుండా అక్కడే చదువుకునేలా రిజర్వులో పెట్టాలి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీ, స్వయం పోర్టల్ పాఠాలు ఉచితమే. వాటిలో వెతకడం మొదటి నెలలోనే ఒక పీరియడ్ చూపిస్తే చాలు. నగరంలోని పౌర గ్రంథాలయాలతో కళాశాలలు ఒప్పందం చేసుకుంటే సింగ్‌నగర్ విద్యార్థి కాలేజీ దాకా వెళ్లకుండానే చదువుకోగలడు.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు మీద మాకు ప్రత్యేకమైన విన్నపం ఉంది. మండలి తెచ్చిన మార్పుల్లో మాకు బాగా నచ్చింది ఇదే. 180 గంటలు ఒక ఊళ్లోనో వాడలోనో ఉండి, ఇంటింటి సర్వే చేసి, అక్కడి సమస్య ఒకటి పట్టుకుని, జనంతో మాట్లాడి, లాగ్‌బుక్ రాసి, నివేదిక ఇవ్వడం అంటే, నిజంగా చేస్తే, డిగ్రీ మొత్తంలో మాకు గుర్తుండిపోయే చదువు అది. కానీ ప్రాజెక్టు చేయాల్సిన సెలవులు మొదలైన రోజునే మెంటర్ పేరు తెలిస్తే, ప్రశ్నావళి ఎలా తయారుచేయాలో చెప్పేవారు లేకపోతే ఏమవుతుంది? వంద ఇళ్ల ఫారాలు ఒకే చేతిరాతతో ఒకే రాత్రి నిండుతాయి. లాగ్‌బుక్‌లో అన్ని రోజులూ ఒకేసారి రాసుకుంటారు. నివేదికలు ఇంటర్నెట్ సెంటర్లలో స్పైరల్ బైండింగుతో సహా రెడీమేడ్‌గా అమ్ముడుపోతాయి. ఆ ఫారాల్లోని అబద్ధపు లెక్కలు రేపు ఎవరైనా నిజమనుకుని వాడితే నష్టపోయేది ఆ ఊరే.

ప్రాజెక్టుకు రెండు నెలల ముందే మెంటర్‌ను ప్రకటించండి. సెమిస్టరు నడుస్తుండగానే ప్రశ్నావళి తయారు చేయించి, పది ఇళ్లలో ప్రయోగాత్మకంగా అడిగించి సరిదిద్దించండి. వంద ఇళ్లు అనే సంఖ్య మీద పట్టు పట్టకండి. నిజంగా వెళ్లిన ముప్పై ఇళ్ల సర్వేను, అబద్ధపు వంద ఇళ్ల కంటే మిన్నగా గుర్తించండి. ఆ ఊరి గ్రామ లేదా వార్డు సచివాలయానికి విద్యార్థి కనుగొన్నది ఒక పేజీ తెలుగులో రాసి ఇచ్చేలా నియమం పెట్టండి. తాము చెప్పిన మాట ఎక్కడికి వెళ్లిందో ఇంటింటా వివరాలు చెప్పినవాళ్లకూ తెలియాలి. అమ్మాయిలను తెలియని ఊళ్లకు ఒంటరిగా పంపకుండా ఇద్దరు ముగ్గురు కలిసి చేసేలా చూడండి.

దిద్ది తిరిగి ఇవ్వడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మా కాగితం మాకు రావాలి. అందులో ఎక్కడ బాగుందో, ఎక్కడ తప్పిందో రెండు వాక్యాలైనా ఎర్ర సిరాలో ఉండాలి. తర్వాతి అసైన్‌మెంట్‌కు మాకున్న ఏకైక పాఠం అదే. పది మార్కులకు విషయ పరిజ్ఞానానికి ఎన్ని, సొంత ఆలోచనకు ఎన్ని, రాత క్రమానికి ఎన్ని అన్నది ముందే తెలిస్తే మార్జిన్ల మీద, చేతిరాత సొంపు మీద మేం గడిపే రాత్రులు చదువు మీద గడుపుతాం. దీనికి లెక్చరర్లకు తీరిక కావాలి. ఖాళీగా ఉన్న పోస్టులు భర్తీ చేయడం, ఒక్కొక్కరు దిద్దాల్సిన ఫైళ్లకు ఒక హద్దు పెట్టడం ప్రభుత్వం చేతిలోనూ తమ చేతిలోనూ ఉన్నాయి. అన్ని పేపర్లకూ మూడేసి అసైన్‌మెంట్లు ఇచ్చి ఒక్కటీ చదవకపోవడం కంటే, ఒక్కటి ఇచ్చి చదివి దిద్దడం మేలని మా అభిప్రాయం. సంఖ్య తగ్గించమని కూడా ఈ పత్రంలో కోరుతున్నాం.

చూపు లేని విద్యార్థులు, చేత్తో రాయలేని విద్యార్థులు టైపు చేసో రికార్డు చేసో ఇచ్చే వీలు ఉండాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్నా ఇప్పటికీ చేతిరాతతోనే తెమ్మనే చోట్లు ఉన్నాయి. అలాగే స్పైరల్ బైండింగు, కలర్ ప్రింట్లు తప్పనిసరి చేయకూడదు. ఒక్కో ప్రాజెక్టుకు అయ్యే ఆ ఖర్చు మాలో కొందరికి రెండు మూడు రోజుల కూలి.

మా వంతు ఏం చేస్తామో కూడా రాసిస్తున్నాం. ప్రశ్నలు ముందే ఇస్తే ప్రణాళిక పేజీలు గడువుకు ఒక్క రోజు ముందే క్లాసు రిప్రజెంటేటివ్ దగ్గర చేరుస్తాం. సీనియర్ల ఫైళ్ల ఫొటోలు గ్రూపుల్లో పెట్టం, పెట్టినవారికి మేమే చెబుతాం. ప్రతి క్లాసులో నలుగురైదుగురు కలిసి చదువుకునే జట్లు కడతాం. అందులో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కలిసి ఉండేలా చూస్తాం. రెండో, మూడో ఏడాది వాళ్లం మొదటి ఏడాది తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వారానికి ఒక సాయంత్రం లైబ్రరీలో కూర్చుని చిత్తుప్రతులు చూసిపెడతాం. లైబ్రరీ సాయంత్రాలు తెరిచి ఉంచితే పుస్తకాలు సర్దడం, రిజిస్టరు రాయడం మాలో కొందరు వంతులవారీగా చేస్తారు.

ఇవన్నీ ఒక్కసారిగా రాష్ట్రమంతటా జరగాలని మేం పట్టుబట్టడం లేదు. ఈ విద్యా సంవత్సరం మొదటి సెమిస్టరులోనే డెల్టాలోని కొన్ని ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలల్లో గడువుల పట్టిక, ప్రణాళిక పేజీ, దిద్ది తిరిగి ఇవ్వడం, ఈ మూడింటినీ అమలు చేసి చూడండి. సెమిస్టరు ముగిశాక విద్యార్థులను, లెక్చరర్లను కలిపి కూర్చోబెట్టి ఎలా జరిగిందో అడగండి. ఆ సమావేశానికి మేం మా అసైన్‌మెంట్లు, ప్రణాళిక పేజీలతో సహా తెచ్చి తమరి ముందు పెడతాం.

తరగతులు మొదలయ్యేలోగా మాలో అయిదుగురికి తమరిని కలిసే అవకాశం ఇప్పించాలని, ఈ పత్రం మీద తీసుకున్న నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
కృష్ణా డెల్టా కళాశాలల డిగ్రీ విద్యార్థులు

(జతపరిచినవి: సంతకాల పత్రాలు, గడువుల పట్టిక నమూనా, ఒక పేజీ ప్రణాళిక నమూనా, తెలుగులో.)